తెల్ల పువ్వుల ఫోటోలు: రేకుల్లో వివరం పోకుండా వెలుతురు, ఎక్స్‌పోజర్ చూసుకోవడం ఎలా

తెల్ల పువ్వు ఫోటో రెండు రకాలుగా పాడవుతుంది. ఒకసారి రేకులన్నీ కలిసిపోయి మధ్యలో తెల్లటి ముద్ద మిగులుతుంది. ఇంకోసారి రేకులు కనిపిస్తాయి గానీ పువ్వు మాసిన గుడ్డలా బూడిదగా వస్తుంది. చిత్రమేమిటంటే, సెట్టింగులు ఏమీ మార్చకుండానే, ఒకే పువ్వుతో రెండూ జరుగుతాయి. దగ్గరికి వెళ్లి తీస్తే బూడిద, నాలుగడుగులు వెనక్కి వచ్చి తీస్తే ముద్ద. కొత్తగా కెమెరా పట్టినవాళ్లు ఇక్కడే అయోమయంలో పడతారు.

ఎరుపు, పసుపు పువ్వులకు రంగు అండగా ఉంటుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి తీసుకునే వెలుతురు మొత్తం, కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ నిలబడుతుంది. తెల్ల పువ్వుకు ఆ వెసులుబాటు లేదు. దాని ఆకారమంతా రేకుల మడతల్లో, అంచుల కింద, ఈనెల పక్కన ఉండే పలుచటి నీడల్లోనే ఉంది. అందుకని చేయాల్సిన పని రెండు భాగాలు: ఆ నీడలు పుట్టే వెలుతురు చూసుకోవడం, ఆ తర్వాత అవి చెరిగిపోకుండా ఎక్స్‌పోజర్ పెట్టడం. వరుస తప్పకూడదు. వెలుతురు చెడ్డదైతే ఏ సెట్టింగూ ఆ ఫోటోను బాగు చేయలేదు.

మీటర్ ఎందుకు తప్పుతుంది?

కెమెరాలోని మీటర్‌కు ఎదురుగా ఉన్నది పువ్వో బొగ్గో తెలియదు. అక్కడి నుంచి తిరిగొచ్చిన వెలుతురును కొలుస్తుంది, ఉన్నదంతా సగటున మధ్యస్థ బూడిద రంగే అనుకుని లెక్క వేస్తుంది. ఫోటోగ్రాఫర్లు వాడే గ్రే కార్డు తన మీద పడ్డ వెలుతురులో 18 శాతాన్ని తిప్పి పంపుతుంది. మీటర్ లెక్క ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. తాజా తెల్ల రేకు అంతకంటే చాలా ఎక్కువ వెలుతురు తిప్పి పంపుతుంది.

ఇప్పుడు ఫ్రేమ్ నిండా పువ్వే ఉందనుకోండి. మీటర్‌కు వెలుతురు మరీ ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని బూడిద స్థాయికి దించేస్తుంది. ఫలితం మాసిన పువ్వు. అదే పువ్వు ముదురు ఆకుల మధ్య చిన్నగా ఉంటే కథ తిరగబడుతుంది. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం చీకటి కాబట్టి మీటర్ అంతటినీ పైకి లేపుతుంది. ఆకులు బాగానే వస్తాయి, పువ్వు మాత్రం తెల్లటి ముద్దవుతుంది. కనుక మీటర్ ఎటువైపు తప్పుతుందో తేల్చేది ఎక్కువగా పువ్వు చుట్టూ ఉన్న జాగా. "తెల్ల వస్తువుకు ఎప్పుడూ ప్లస్ పెట్టాలి" అనే సలహా చాలా చోట్ల వినిపిస్తుంది. అంటే మీటర్ చెప్పినదానికంటే వెలుతురు పెంచాలని. అది సగమే నిజం. పువ్వు ఫ్రేమ్‌లో ఎంత భాగం ఆక్రమించిందో చూడకుండా ప్లస్ పెడితే సగం ఫోటోలు పాడవుతాయి.

ఇక్కడి నుంచి స్టాప్ అనే మాట తరచుగా వస్తుంది. ఒక స్టాప్ పెంచడమంటే వెలుతురును రెట్టింపు చేయడం, తగ్గించడమంటే సగం చేయడం. మధ్యస్థ బూడిద నుంచి, వివరం ఇంకా మిగిలి ఉన్న తెలుపు దాకా సుమారు రెండు స్టాపులు. ఆ పైన ఇంకో అర స్టాపో ముప్పావు స్టాపో దాటితే చాలా కెమెరాల జేపెగ్ ఫైలులో (కెమెరా తానే సర్ది, కుదించి ఇచ్చే మామూలు ఫోటో) వివరం పూర్తిగా పోతుంది. అంటే మనం పని చేసే మేడ మీద పిట్టగోడ లేదు. అంచు ఎక్కడుందో తెలిసి నడవాలి.

మొదటి అడుగు: వెలుతురును ఎంచుకోండి

నేర్చుకునేవాళ్లకు అన్నిటికంటే మంచిది పలుచగా మబ్బు పట్టిన రోజు. సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు మాత్రమే ఉంటాడు. అంత చిన్న చోటు నుంచి వచ్చే వెలుతురు కాబట్టి ఎండలో నీడల అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. వెలుగు పడ్డ రేకుకూ నీడలో ఉన్న రేకుకూ తేడా నాలుగైదు స్టాపులు దాటిపోవచ్చు. మబ్బు అడ్డు వచ్చిందంటే ఆకాశం మొత్తం దీపంగా మారుతుంది. నీడలు అలాగే ఉంటాయి, వాటి అంచులు మెత్తబడతాయి. తెల్ల పువ్వుకు కావలసింది సరిగ్గా అదే.

మబ్బు మరీ దట్టంగా ఉంటే వెలుతురు అన్ని వైపుల నుంచీ సమానంగా వచ్చి పువ్వు చప్పగా కనిపిస్తుంది. చేతిని పువ్వు పక్కన పెట్టి చూడండి. వేళ్ల మీద ఒక వైపు కాస్త వెలుగు, రెండో వైపు మెల్లగా దిగే నీడ కనిపిస్తే అది పనికొచ్చే వెలుతురు. ఏ వైపూ తేడా లేకపోతే ఒక పక్క నల్ల అట్ట పెట్టాల్సి వస్తుంది. దాని గురించి కింద చెబుతాను.

మబ్బు కోసం ఎదురు చూడలేని రోజున గోడ నీడలోకో చెట్టు నీడలోకో వెళ్లండి. చెట్టు కిందైతే ఆకుల సందుల నుంచి దిగే ఎండ చుక్కలు పువ్వు మీద పడుతున్నాయేమో చూడండి. రేకు మీద రూపాయి బిళ్లంత ఎండ చుక్క చాలు, అక్కడ మూడు స్టాపులు పెరిగి రంధ్రం పడినట్టు కనిపిస్తుంది. గోడ నీడ ఇంతకంటే నమ్మదగినది, ముఖ్యంగా ఒక వైపు ఆకాశం తెరుచుకుని ఉంటే. ఆ తెరుచుకున్న వైపు నుంచి వచ్చే వెలుతురు రేకులకు దిశ ఇస్తుంది.

ఇంట్లో అయితే కిటికీ. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన పువ్వు పెట్టి, మీరు కిటికీకి అడ్డంగా నిలబడితే వెలుతురు పక్క నుంచి వస్తుంది. పువ్వును కిటికీకి దగ్గరగా జరిపి, వెనక గోడను దూరంగా ఉంచితే గోడ దానంతట అదే చీకటిలోకి పోతుంది. వేరే నల్ల గుడ్డ కట్టాల్సిన పని ఉండదు. గదిలో బల్బులు ఆపేయండి. పగటి వెలుతురూ బల్బు పసుపూ కలిస్తే తెల్ల రేకు మీద రెండు రంగులు పడతాయి, వాటిని విడదీయడం ఎడిటింగ్‌లో కూడా నరకమే.

నడి ఎండలో తీయక తప్పని పరిస్థితి ఉంటే పువ్వుకూ సూర్యుడికీ మధ్య పలుచటి తెల్ల గుడ్డ పట్టండి. మడత డిఫ్యూజర్ ఉంటే సరేసరి, లేకపోతే వెలుతురు దూరే తెల్ల బట్ట ఏదైనా చాలు. దాన్ని ఫ్రేమ్‌లో పడనంత వరకు పువ్వుకు వీలైనంత దగ్గరగా పట్టాలి. దూరంగా పట్టే కొద్దీ అది పువ్వుకు చిన్న దీపంగా కనిపించి మళ్లీ నీడలు గట్టిపడతాయి. గుడ్డ మందాన్ని బట్టి ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు తగ్గుతుంది. దీనితో ఒక చిక్కుంది: పువ్వు నీడలోకి వచ్చింది, వెనక నేల ఇంకా ఎండలోనే ఉంది. నేపథ్యం పువ్వు కంటే మెరిసిపోతుంది. అందుకే గుడ్డ పెద్దదైనా ఉండాలి, లేదా నేపథ్యం కూడా నీడలో పడే కోణం అయినా వెతకాలి.

వెలుతురు ఎటు నుంచి రావాలి?

వెలుతురు మీ వెనక నుంచి నేరుగా పువ్వు మీద పడితే నీడలన్నీ రేకుల వెనక దాక్కుంటాయి. తెల్ల పువ్వుకు ఇది అన్నిటికంటే నాసి కోణం. పక్క నుంచి, అందులోనూ కాస్త వెనక పక్క నుంచి వస్తే ప్రతి మడతా పైకి తేలుతుంది. పువ్వు చుట్టూ ఒక చుట్టు తిరిగి చూడండి. కెమెరా తీయకుండా ఊరికే తిరగండి. కొత్తవాళ్లు దాటేసే పని ఇదే, ఫోటోను ఎక్కువగా మార్చేదీ ఇదే.

వెనక వెలుతురు సంగతి వేరు. చాలా తెల్ల రేకుల్లో తెల్ల రంగు పదార్థం అంటూ ఏదీ ఉండదు. కణాల మధ్య ఉన్న గాలి ఖాళీల వల్ల వెలుతురు చెదిరి మనకు తెలుపుగా కనిపిస్తుంది. అందుకే నలిగిన చోటా, నీరు ఇంకిన చోటా రేకు అద్దంలా పారదర్శకమై, ఫోటోలో మురికి మచ్చలా కనిపిస్తుంది. తాజా పువ్వును ఎంచుకోమనడం, నీళ్లు ఎడాపెడా చల్లొద్దనడం ఇందుకే. పలుచటి రేకు వెనక నుంచి వెలుతురు వచ్చినప్పుడు కొంత వెలుతురు రేకులోంచి బయటికి దూసుకొస్తుంది. ఈనెలు గీతలు గీసినట్టు కనిపిస్తాయి, రేకు మీద రేకు పడ్డ చోట ముదురు పొర ఏర్పడుతుంది. ఉదయం, సాయంత్రం ఎండ కిందికి వాలినప్పుడు ఈ పద్ధతి అద్భుతంగా కుదురుతుంది. మందపాటి రేకులున్న పువ్వులతో అంతగా కుదరదు, అవి వెనక వెలుతురులో నల్లబడతాయి. లెన్సుకు నేరుగా ఎండ తగలకుండా చేతిని అడ్డం పెట్టుకోండి.

రెండో అడుగు: వెనక ఏముందో చూడండి

నా వరకు తెల్ల పువ్వుకు ముదురు ఆకుపచ్చ, అదీ దూరంగా ఉండి మసకబారిన ఆకుపచ్చ, మొదటి ఎంపిక. పూర్తి నలుపు ఆకట్టుకుంటుంది గానీ ఎక్కువ వాడితే ప్రతి ఫోటో ఒకేలా కనిపిస్తుంది. లేత ఆకాశం పెద్ద ప్రమాదం: అంచు ఎక్కడ ముగిసిందో తెలియదు. నేలకు వంగి ఆకాశాన్ని నేపథ్యంగా పెట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

తెలుపు మీద తెలుపు తీయాలనే ఉబలాటం అందరికీ వస్తుంది, తీయండి కూడా. దానికో కిటుకు ఉంది. పువ్వుకు రెండు వైపులా, ఫ్రేమ్‌కు కాస్త బయట, నల్ల అట్టలు నిలబెట్టండి. ఆ నలుపు రేకుల అంచుల మీద సన్నటి బూడిద గీతగా పడి, తెల్ల నేపథ్యం నుంచి పువ్వును వేరు చేస్తుంది. అట్ట లేకుండా ఎక్స్‌పోజర్ ఎంత మార్చినా ఆ గీత రాదు.

మూడో అడుగు: కెమెరా సర్దుకోవడం

రా ఫైలులో (కెమెరా పట్టిన వెలుతురును సర్దకుండా అలాగే దాచే ఫైలు) తీయండి, కుదిరితే దానితో పాటు జేపెగ్ కూడా. కారణం ఊరికే చెప్పేది కాదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయిలు. 14 బిట్ రా ఫైలులో 16,384. పైగా అందులో సగం, అంటే 8,192 స్థాయిలు, అన్నిటికంటే వెలుతురుగా ఉన్న ఒక్క స్టాప్‌కే పోతాయి. తెల్ల రేకుల వివరమంతా ఉండేది ఆ పై అంతస్తులోనే. కాబట్టి రా ఫైలు అందరికంటే ఎక్కువ మేలు చేసేది తెల్ల వస్తువులు తీసేవాళ్లకే.

అపర్చర్ ప్రయారిటీ మోడ్ చాలు. అపర్చర్ అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రం; దాని ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. అది మీరు పెడతారు, షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది. ఒక పువ్వును దగ్గరగా తీసేటప్పుడు ఎఫ్/8తో మొదలుపెట్టండి. ఎఫ్/2.8 లాంటి పెద్ద అపర్చర్‌లో ఫోకస్ ఒక్క రేకు అంచుకే పరిమితమై, మిగతాది మసకబారుతుంది. రంగు లేని పువ్వులో ఆ మసక వివరం లేకపోవడంగానే కనిపిస్తుంది. ఎఫ్/16 దాటితే వెలుతురు వంగడం వల్ల మొత్తం బొమ్మ కాస్త మెత్తబడుతుంది. గాలి ఉంటే షట్టర్ స్పీడ్ 1/250 సెకనుకు తగ్గకుండా చూసుకోండి, దానికోసం ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400 లేదా 800 చేసినా ఫర్వాలేదు. ఐఎస్ఓ పెంచితే వచ్చే ఇసుక చల్లినట్టుండే చుక్కలు ముందుగా కనిపించేది నీడల్లో, మన రేకులేమో పై స్థాయిల్లో ఉంటాయి. గాలి లేని ఉదయం ట్రైపాడ్ మీద అయితే ఐఎస్ఓ 100తోనే తీయొచ్చు.

మెనూలో రెండు మార్పులు తప్పనిసరి. హైలైట్ హెచ్చరిక ఆన్ చేయండి. అప్పుడు వివరం పోయిన చోటు తెర మీద నలుపు తెలుపుగా మిణుకుమంటుంది. మిర్రర్‌లెస్ కెమెరాలో జీబ్రా గీతలు (వెలుతురు హద్దు చేరిన చోట తెర మీద కనిపించే చారలు) ఉంటే వాటిని 100 లేదా ఆ దగ్గరి స్థాయికి పెట్టుకుంటే ఫోటో తీయకముందే అంచు కనిపిస్తుంది. రెండోది, పిక్చర్ స్టైల్‌ను న్యూట్రల్ చేయండి. తెర మీది హిస్టోగ్రామ్ (ఎడమ చివర చీకటి నుంచి కుడి చివర తెలుపు దాకా ఏది ఎంత ఉందో చూపే పటం), హెచ్చరిక రెండూ జేపెగ్ బొమ్మను బట్టే లెక్క వేస్తాయి. వివిడ్ లాంటి స్టైల్ పెడితే రా ఫైలులో పోని వివరం కూడా పోయినట్టు చూపించి మిమ్మల్ని అనవసరంగా బెదరగొడుతుంది.

నాలుగో అడుగు: ఎక్స్‌పోజర్

మామూలు మీటరింగ్‌లో ఉంచి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌తో (మీటర్ లెక్కను స్టాపుల్లో పెంచే, తగ్గించే మీట) మొదలుపెట్టండి. ఫ్రేమ్ నిండా పువ్వు లేదా తెల్ల నేపథ్యం ఉంటే ప్లస్ 1. సగం పువ్వు, సగం మామూలు ఆకులు అయితే సున్నా. ముదురు నేపథ్యంలో చిన్న పువ్వు అయితే మైనస్ 1. ఇవి మొదటి ఫోటోకు మాత్రమే. ఇప్పటి కెమెరాలు ఫోకస్ పెట్టిన చోటుకు ఎక్కువ విలువ ఇస్తాయి, కంపెనీని బట్టి లెక్క మారుతుంది, కనుక ఎవరో ఇచ్చిన అంకెను కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు.

మొదటి ఫోటో తీశాక హెచ్చరిక చూడండి. రేకుల మీద ఎక్కడా మిణుకు లేదా? 1/3 స్టాప్ పెంచి మళ్లీ తీయండి. మిణుకు కనిపించే దాకా పెంచుకుంటూ వెళ్లి, కనిపించగానే ఒక మెట్టు దిగండి. అదే మీ ఎక్స్‌పోజర్. మొదటి ఫోటోలోనే మిణుకు ఉంటే అదే దారిలో కిందికి దిగండి. చూడటానికి ఇది గుడ్డి పద్ధతిలా ఉంటుంది గానీ వెలుతురు మారనంత సేపు ఒకసారి దొరికిన అంకె ఆ పువ్వుకు నిలుస్తుంది. దొరికాక మాన్యువల్ మోడ్‌లోకి మారి అవే విలువలు పెట్టేసుకోండి. అప్పుడు దగ్గరికి వెళ్లినా దూరం జరిగినా మీటర్ మనసు మార్చుకోదు. మొదట్లో చెప్పిన బూడిద, ముద్ద సమస్య అక్కడితో ఆగిపోతుంది. మబ్బు సూర్యుణ్ని దాటినప్పుడు మాత్రం మళ్లీ చూసుకోవాలి.

హిస్టోగ్రామ్‌లో తెల్ల పువ్వు కుడివైపున ఒక గుట్టగా కనిపిస్తుంది. ఆ గుట్ట కుడి గోడకు తగలకుండా, కాస్త ఖాళీ ఉంచి ఆగాలి. ముదురు నేపథ్యం ఉంటే ఎడమవైపు ఇంకో పెద్ద గుట్ట ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. పువ్వు మరీ చిన్నదైతే దాని గుట్ట గీతలా పలుచబడి కంటికి ఆనదు. అలాంటప్పుడు హిస్టోగ్రామ్ కంటే మిణుకు హెచ్చరికే నమ్మకం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ ఉంటే అదే వాడండి. సాయంత్రపు ఎండలో తెల్ల రేకు మీద ముందుగా ఎరుపు ఛానెల్ గోడను తాకుతుంది. మొత్తం హిస్టోగ్రామ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తూ రేకు మీద నారింజ మరక మిగలడానికి కారణం అదే.

మిణుకుమన్న ప్రతి చుక్కకూ భయపడనక్కర్లేదు. మంచు బిందువు మీద మెరుపు, మైనం పూసినట్టుండే రేకు మీద సన్నటి తళుకు తెల్లగా పోవాల్సినవే. వాటిని కాపాడబోయి పువ్వంతా చీకటి చేసుకోవద్దు. గోరంత రేకు భాగం మిణుకుమంటే మాత్రం తగ్గించండి. మైనం లాంటి తళుకు ఎక్కువైతే లెన్సుకు తగిలించే పోలరైజర్ ఫిల్టర్ తిప్పి చూడండి, ఆకుల మీది మెరుపు కూడా తగ్గుతుంది. ఒకటి రెండు స్టాపుల వెలుతురు పోతుందని లెక్కలో పెట్టుకోండి.

స్పాట్ మీటరింగ్‌తో ఇంకో దారి

ఫ్రేమ్‌లో చిన్న భాగాన్ని మాత్రమే కొలిచేది స్పాట్ మీటరింగ్. దీనితో అన్నిటికంటే వెలుతురుగా ఉన్న రేకును కొలిచి, ప్లస్ 1.7 దగ్గర పెట్టి తీయండి. 1940 ప్రాంతంలో అమెరికా ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ సిస్టమ్ (నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుగా విడదీసే పద్ధతి) సారం ఇదే. మధ్యస్థ బూడిద ఐదో జోన్, వివరం పూర్తిగా ఉన్న లేత రంగు ఏడో జోన్, వివరం కొద్దిగా మాత్రమే మిగిలిన తెలుపు ఎనిమిదో జోన్. ఒక్కో జోన్‌కూ ఒక స్టాప్ తేడా. మీటర్ రేకును ఐదులో పెట్టాలని చూస్తుంది, మీరు దాన్ని ఏడుకు దగ్గరగా ఎత్తి పెడుతున్నారు.

మీ కెమెరా అంచు ఎక్కడుందో ఒక మధ్యాహ్నం కూర్చుని తెలుసుకోవచ్చు. నేత కనిపించే తెల్ల గుడ్డను నీడలో పరిచి, స్పాట్ మీటర్‌తో కొలిచి, ప్లస్ 1 నుంచి ప్లస్ 3 దాకా 1/3 స్టాప్ చొప్పున పెంచుతూ వరుసగా తీయండి. కాంపెన్సేషన్ అంత దూరం పోకపోతే మాన్యువల్ మోడ్‌లో షట్టర్ స్పీడ్ తగ్గిస్తూ వెళ్లండి. కంప్యూటర్‌లో తెరిచి, నేత ఎక్కడ మాయమైందో జేపెగ్‌లోనూ రాలోనూ విడిగా రాసుకోండి. రెండింటి మధ్య ఉన్న తేడాయే మీ చేతిలో ఉన్న ఆసరా. కొన్ని నికాన్, సోనీ కెమెరాల్లో హైలైట్లను కాపాడే మీటరింగ్ పద్ధతి వేరే ఉంది. ముదురు నేపథ్యానికి అది బాగా పనిచేస్తుంది, కాకపోతే కాస్త ఎక్కువే చీకటి చేస్తుంది. రా ఫైలైతే దాన్ని తర్వాత పైకి లేపుకోవచ్చు.

ఎండలో మీటర్ లేకుండా

నిర్మలమైన ఎండలో పాత లెక్క ఒకటి ఇప్పటికీ చెల్లుతుంది: ఎఫ్/16 దగ్గర షట్టర్ స్పీడ్ ఐఎస్ఓకు తలకిందులు. ఐఎస్ఓ 100 అయితే 1/100. దాన్నే ఎఫ్/8కి మారిస్తే 1/400. ఇది మామూలు వస్తువులకు. నేరుగా ఎండ పడే తెల్ల పువ్వుకు ఒక స్టాప్ తగ్గించి ఎఫ్/8, 1/800తో మొదలుపెట్టండి. ఈ లెక్కకు నేపథ్యంతో పని లేదు, ఎందుకంటే ఇది పువ్వు మీద పడే వెలుతురును బట్టి వేసింది, పువ్వు నుంచి తిరిగొచ్చేదాన్ని బట్టి కాదు. చేతి మీటర్ (వెలుతురు కొలిచే విడి పరికరం) ఉన్నవాళ్లు దాని తెల్ల గుండును పువ్వు దగ్గర పెట్టి, అక్కడ పడే వెలుతురును కొలిచేదీ ఇందుకే.

రిఫ్లెక్టర్, నల్ల అట్ట, ఫ్లాష్

నీడ వైపు మరీ నల్లగా ఉంటే ఆ పక్కన తెల్ల అట్ట పెట్టండి. దగ్గరికి జరిపే కొద్దీ నీడ తేలికపడుతుంది. వెండి రంగు రిఫ్లెక్టర్ వద్దు, తెల్ల పువ్వు మీద అది రెండో సూర్యుడిలా మెరుస్తుంది. బంగారు రంగుదైతే పువ్వు రంగే మార్చేస్తుంది. కొత్తవాళ్లు తెల్ల అట్టను అతిగా వాడతారు. అన్ని వైపులా నీడ తీసేస్తే పువ్వుకు ఆకారమే ఉండదు. నా అనుభవంలో నల్ల అట్టే ఎక్కువసార్లు అక్కరకొస్తుంది. దట్టమైన మబ్బు కింద చప్పగా ఉన్న పువ్వుకు ఒక పక్క నల్ల అట్ట పెట్టగానే అటు నుంచి వచ్చే వెలుతురు ఆగి, రేకులు ఒక్కసారిగా గుండ్రంగా కనిపిస్తాయి.

కెమెరా మీద ఉన్న ఫ్లాష్‌ను నేరుగా వేయొద్దు. అది చిన్న దీపం, పైగా ఎదురు దీపం. ఫ్లాష్‌ను తీసి పక్కకు పెట్టి, తెల్ల గుడ్డ లోంచి వేయగలిగితేనే ఆలోచించండి. ఆటోమేటిక్ ఫ్లాష్ కూడా మీటర్ చేసే పొరపాటే చేస్తుంది. దాని కాంపెన్సేషన్ విడిగా ఉంటుంది, దాన్నీ పైన చెప్పిన పద్ధతిలోనే సర్దాలి. చిన్న దీపాన్ని రెట్టింపు దూరం జరిపితే పువ్వు మీద వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే రెండు స్టాపులు. ఫ్లాష్ బలం తగ్గించడం చేతకాని చోట దూరం జరపడమే సర్దుబాటు.

ఫోన్‌తో తీసేవాళ్లకు

సూత్రాలు అవే, మీటలు తక్కువ. అన్నిటికంటే వెలుతురుగా ఉన్న రేకు మీద వేలు పెట్టి, లాక్ గుర్తు వచ్చే దాకా ఒత్తి పట్టుకోండి. పక్కన సూర్యుడి గుర్తు వస్తే దాన్ని కిందికి లాగండి. తెర మీద ఈనెలు కనిపించే దాకా లాగి, అక్కడ ఆపండి. నేపథ్యం చీకటయినా పర్వాలేదు. ఫోన్ తనంతట తాను నీడలన్నీ ఎత్తి, వెలుగులన్నీ దించి బొమ్మను చదును చేస్తుంది. మన పువ్వుకు కావలసిన పలుచటి నీడలు అందులో కొట్టుకుపోతుంటే ఆ పని చేసే హెచ్‌డీఆర్‌ను ఆపే వీలుందేమో చూడండి. ప్రో మోడ్‌లో రా ఉంటే అదే వాడండి. ముక్కు తగిలేంత దగ్గరికి వెళితే ఫోన్ నీడే పువ్వు మీద పడుతుంది. రెండింతలు దగ్గర చూపే లెన్సు పెట్టుకుని ఓ అడుగు వెనక్కి జరిగితే ఆ బాధ తప్పుతుంది.

తెలుపుకు రంగు పట్టకుండా

నీడలో తీసిన తెల్ల పువ్వు నీలంగా వస్తుంది. సూర్యుడి నేరు వెలుతురు 5,500 కెల్విన్ (వెలుతురు రంగు కొలత, అంకె పెరిగే కొద్దీ నీలం) దగ్గర ఉంటే, నీలాకాశం కింది నీడ 7,000 దాటుతుంది. ఆకుల మధ్య ఉంటే ఆకుపచ్చ ఛాయ కూడా తోడవుతుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తాను చేసే రంగు సర్దుబాటు) ఫోటో ఫోటోకూ మారుతుంది కాబట్టి మబ్బుకు క్లౌడీ, నీడకు షేడ్ పెట్టి వదిలేయండి. మరింత కచ్చితంగా కావాలంటే అదే వెలుతురులో గ్రే కార్డును ఒకసారి తీసి పెట్టుకోండి. ఎడిటింగ్‌లో డ్రాపర్‌తో ఆ కార్డు మీద నొక్కితే వరుస మొత్తం సరిపోతుంది.

డ్రాపర్‌ను నేరుగా రేకు మీద నొక్కకండి. తెల్లవని మనం పిలిచే పువ్వుల్లో చాలావాటికి మీగడ రంగో, లేత ఆకుపచ్చో, మొదట్లో గులాబీ ఛాయో ఉంటుంది. రేకునే తెలుపు అని సాఫ్ట్‌వేర్‌కు చెబితే ఆ ఛాయ తుడిచిపెట్టుకుపోయి, ఆ మేరకు ఎదురు రంగు ఆకులకు ఎక్కుతుంది. నీడల్లో కాస్త నీలం మిగిలితే నేను దాన్ని అలాగే ఉంచుతాను, కంటికి తెలుపు చల్లగా అనిపిస్తుంది.

ఎడిటింగ్‌లో ఎంత తెలుపు?

రా ఫైలు తెరవగానే మీ జాగ్రత్త వల్ల పువ్వు కాస్త చీకటిగా ఉండొచ్చు. ఎక్స్‌పోజర్ మెల్లగా లేపండి, హైలైట్స్ స్లైడర్ కొంచెం దించండి, ఆ తర్వాత వైట్స్ సర్దండి. హైలైట్స్ పూర్తిగా కిందికి లాగేస్తే రేకులు మట్టి రంగుకు తిరుగుతాయి. టెక్స్చర్ స్లైడర్ కొద్దిగా చాలు. క్లారిటీ ఎక్కువైతే లేత రేకు కూడా తోలులా కనిపిస్తుంది.

అంకెలు కావాలంటే: 0 నుంచి 255 దాకా ఉన్న కొలతలో, వెలుతురు ఎక్కువ పడ్డ రేకు 235 నుంచి 245 మధ్య ఆగాలి. మడతల్లోని నీడలు 170, 180 దాకా దిగినా పువ్వు తెల్లగానే కనిపిస్తుంది, ఎందుకంటే మన కన్ను తెలుపును పక్కనున్న ముదురుతో పోల్చి నిర్ణయిస్తుంది. అమెరికా ఫోటోగ్రాఫర్ ఇమోజెన్ కన్నింగ్‌హామ్ 1925లో తీసిన మాగ్నోలియా పువ్వు ఫోటో ఎక్కడైనా కనిపిస్తే దగ్గరగా చూడండి. అది తెల్ల పువ్వని ఒక్క క్షణం కూడా అనుమానం రాదు. అందులోని రేకుల్లో ఎంత భాగం నిజంగా బూడిదో తర్వాత లెక్కపెట్టండి.

ప్రింట్ తీయించాలనుకుంటే ఈ అంకెలు ఇంకా ముఖ్యం. 255 ఉన్న చోట ప్రింటర్ సిరా వేయదు, ఖాళీ కాగితం మిగులుతుంది. మెరుపు కాగితం మీద అయితే ఆ ఖాళీ చోటు పక్కవాటు వెలుతురులో చిల్లులా కనిపిస్తుంది. అన్నిటికంటే తెల్లని రేకును 245 దగ్గర ఉంచితే అక్కడా పలుచటి సిరా పొర పడుతుంది. తెల్ల నేపథ్యంతో తీసిన ఫోటోను తెల్ల పేజీ మీద పెడితే దాని హద్దులు కలిసిపోతాయి. నేపథ్యాన్ని 240కి దించండి, లేదా చుట్టూ ఒక పిక్సెల్ వెడల్పున బూడిద గీత గీయండి.